గ్రీన్ బెల్టులో దగ్గు

ఆ శుక్రవారం ఉదయం జయమణి తలపెట్టింది చిన్న పనే. ఆదివారం చర్చి క్వైర్‌లో పాటలు పాడే ఆడవాళ్లు కట్టుకునే తెల్లచీరలు ఉతికి, డాబా మీద ఆరేసి, మధ్యాహ్నానికల్లా ఇస్త్రీ చేసి పెట్టేయాలి. స్టాఫ్ నర్సుగా రిటైరైన మనిషి కాబట్టి తెలుపు విషయంలో ఆవిడ ఎవరితోనూ రాజీపడదు. చీరలు ఆరేసి, కిందికొచ్చి కాఫీ తాగి మళ్లీ పైకెళ్లేసరికి అవి బూడిద రంగులోకి తిరిగిపోయాయి. సాగరజ్యోతి కాలనీ గోడకి అవతల బొగ్గు యార్డు. గాలి ఇటు తిరిగిన రోజు కాలనీలో ఇడ్లీలు కూడా తెల్లగా ఉండవు.

"ఏవండీ, సూసారా? ఇవి క్వైర్ చీరలా, దెయ్యాల చీరలా?"

జవాబుగా ఆమె భర్త ఆనందకుమార్ దగ్గాడు. ఉద్యోగం చేసినంతకాలం స్టీల్ ప్లాంటులో కొలిమి పక్కన నిలబడ్డా దగ్గని మనిషి, రిటైరై ఈ ఫ్లాటు కొనుక్కున్నాక మొదలుపెట్టాడు. చీరల కంటే ఆ దగ్గే జయమణిని ఎక్కువ మండించింది. నల్లబడ్డ చీరల్లోంచి ఒకటి సంచీలో కుక్కుకుని తిన్నగా కాలుష్య నియంత్రణ మండలి ఆఫీసుకి వెళ్లింది.

అక్కడ దేవీప్రసాద్ అనే అధికారి కంప్యూటర్లో మ్యాపు తెరిచి, చాలాసేపు వెతికి, నొచ్చుకున్నట్టు మొహం పెట్టాడు.

"మేడమ్, మీ కాలనీ ఇందులో లేదు. అక్కడంతా గ్రీన్ బెల్టు. బొగ్గు దుమ్ముని ఆపడానికి పెంచిన చెట్లు."

"మరి నాను ఏ కొమ్మ మీంచి దిగొచ్చినట్టు?"

"ఇళ్లు లేని చోట దుమ్ము పడితే కంప్లైంటు తీసుకోడానికి రూలు ఒప్పుకోదు మేడమ్."

"ఏటి, ఇళ్లు లేవా? ఇన్నేళ్లూ ఇంటిపన్ను కడతన్నది కాకులా?" జయమణి చీర తీసి బల్ల మీద పరిచింది. "పదండి, ఆ గ్రీన్ బెల్టేదో ఇప్పుడే వచ్చి నాకు సూపించండి!"

ఆ కేక పక్కగదిలోకి కూడా వినిపించింది. అక్కడ పెద్ద అధికారి ఎదుట, పర్యటనకి వచ్చిన డోనా అనే అతిథి కూర్చుని ఉంది. కెనడాలో ఒక రాష్ట్రానికి ఆవిడ గృహనిర్మాణ, పర్యావరణ మంత్రి. ఆవిడకి అర్థమైనవి రెండే మాటలు: గ్రీన్ బెల్టు. ఏమిటని అడిగితే పెద్ద అధికారి తడుముకోకుండా, "ఆవిడ మా గ్రీన్ బెల్టు దగ్గర ఉంటారు. థాంక్స్ చెప్పడానికి వచ్చారు" అన్నాడు. అబద్ధం అక్కడితో ఆగితే బాగుండేది. కానీ డోనా ఉత్సాహంగా లేచి, "అయితే ఇవాళే చూడాలి" అంది.

జయమణి ఇల్లు చేరేసరికి కాలనీలో ఆఫీసు పంపిన లారీలు నిలబడి ఉన్నాయి. ఆనందపురం వైపు నర్సరీల్లో దొరికిన మొక్కలన్నీ కుండీలతో సహా దిగుతున్నాయి. గుమ్మాల ముందు అశోక మొక్కలు, మెట్ల మీద క్రోటన్లు, కిటికీలకి అడ్డంగా అరటిచెట్లు. బిల్డింగు మీద పచ్చ వల కప్పేశారు. దేవీప్రసాద్ చెమటలు కక్కుతూ అందరికీ దండాలు పెడుతున్నాడు.

"అమ్మా, ఒక్క గంట తలుపులు వేసుకుని కూర్చోండి. ఎవరూ మాట్లాడొద్దు."

కింది వాటాలో ఉండే నూకాలు జాలరిపేట నుంచి చేపలు తెచ్చి అమ్ముతుంది. ఆమె బేసిన్ తలకెత్తుకుని కుండీల వెనక ఇరుక్కుపోయింది. "సేపలు పాడైపోతన్నాయి బాబూ! నన్నెల్లనీయండి!"

"చెట్లు మాట్లాడవమ్మా, దయచేసి!"

కార్లు వచ్చాయి. డోనా దిగి, గట్టిగా ఊపిరి పీల్చి, ఈ వాసనేమిటని అడిగింది. సేంద్రియ ఎరువు అన్నాడు దేవీప్రసాద్. నాలుగడుగులు వేశారో లేదో, అరటాకుల వెనక నుంచి ఖంగుమని దగ్గు.

"అదేం పక్షి?"

"ఇక్కడి పక్షే మేడమ్. చాలా అరుదు."

పక్షుల పిచ్చి ఉన్న మనిషి కాబోలు, డోనా వేళ్ల మీద నడుచుకుంటూ వెళ్లి ఆకులు తప్పించింది. కిటికీ ఊచల వెనక లుంగీలో ఆనందకుమార్, చేతిలో దగ్గుమందు సీసాతో కనిపించాడు. ఇద్దరూ ఒకేసారి ఉలిక్కిపడ్డారు.

ఇక జయమణి ఆగలేదు. కుండీలు తోసుకుంటూ వచ్చి, చీర విప్పి పట్టుకుని, తన ఆస్పత్రి ఇంగ్లీషులో అంతా చెప్పేసింది. ఇవి ఇళ్లు, ఇది బొగ్గు, ఈయన మా ఆయన, పక్షి కాదు. దేవీప్రసాద్ కళ్లు మూసుకున్నాడు. వెనకనుంచి నూకాలు, "బాగా అడుగు నర్సమ్మా!" అని అరిచింది.

డోనా చాలాసేపు బిల్డింగునీ మొక్కలనీ మార్చిమార్చి చూసింది. తర్వాత ఆవిడ కళ్లు చెమర్చాయి.

"మా రాష్ట్రంలో గ్రీన్ బెల్టు తీసేసి ఇళ్లు కట్టాలని ఒక పార్టీ, కట్టకూడదని ఇంకో పార్టీ. దీని మీదే ఎన్నికలు, దీని మీదే రాజీనామాలు. మీరు రెండూ ఒకే స్థలంలో పెట్టేశారు! మాకు తట్టనేలేదు."

"అమ్మా, ఆ మొక్కలు ఇప్పుడే దించారు! దుమ్ము సంగతి సూడండి!" కోపంలో జయమణికి ఇంగ్లీషు పోయి తెలుగు వచ్చేసింది.

"ఏమంటున్నారు?"

"మీరు మళ్లీ రావాలంటున్నారు మేడమ్" అన్నాడు దేవీప్రసాద్.

డోనా జయమణిని కౌగిలించుకుని ఫొటో దిగింది. జయమణి కోపంగా ఆ చేతులు విడిపించుకుంది. తన భర్త దగ్గుని పరాయిదేశం వాళ్లు మెచ్చుకుని వెళ్తున్నారు!

అతిథి ఇంకా కారెక్కకముందే లారీవాళ్లు కుండీలు ఎత్తడం మొదలుపెట్టారు. అది చూడగానే జయమణికి ఒక ఉపాయం తట్టింది. వెళ్లి లారీకి అడ్డంగా నిలబడింది.

"దించండి."

"మేడమ్, ఇవి అద్దెకి తెచ్చినవి."

"మీ మ్యాపులో ఇక్కడ ఏటున్నాయి? చెట్లేనా? గ్రీన్ బెల్టులో చెట్టు ఎత్తుకుపోతే కేసు కాదా? నూకాలూ, ఫోన్లో వీడియో తియ్యే! ఆ దొరసానిని కూడా కేకెయ్యి, సూసి ఎల్తాది."

దేవీప్రసాద్ కారు వైపు చూశాడు. డోనా కిటికీలోంచి చెయ్యి ఊపుతోంది. అతనూ నవ్వుతూ చెయ్యి ఊపాడు, ఆ నవ్వు చెదరకుండానే లారీవాళ్లతో, "దించెయ్యండ్రా" అన్నాడు.

గ్రీన్ బెల్టు ఎండిపోయిందన్న మాట రాకూడదని ఇప్పుడు రోజూ పొద్దున్నే ఆఫీసు నుంచి నీళ్ల ట్యాంకరు వచ్చి మొక్కలకు పోసి వెళ్తోంది. కుళాయిల్లో నీళ్లు సరిగా రాని కాలనీవాళ్లు కుండీల వెనక బిందెలు పట్టుకుని నిలబడుతున్నారు.