మూడో బెంచీ ఫిర్యాదు

బడి గంట కొట్టడానికి ఇంకా అరగంట ఉందనగా హెడ్‌మిస్ట్రెస్ గారు టీచర్లందరినీ స్టాఫ్ రూములో కూర్చోబెట్టారు. ఆ బుధవారం ఉదయం ఆవిడ పెట్టుకున్న పని చిన్నదే. పిల్లల్ని కొట్టే టీచర్ల మీద కొత్త చట్టం వచ్చింది. ఫిర్యాదు ఫారం ఎలా నింపాలో అందరికీ కంప్యూటర్లో చూపించి, చూపించామని పైకి రాసి పంపాలి. పావుగంటలో తేల్చేసి కాఫీ తాగుదామనుకున్నారు.

తేలిపోయేదే, ఆవిడకు ఆ జబ్బు లేకపోతే. ఖాళీ గడి కనిపిస్తే ఆవిడ చెయ్యి ఊరుకోదు. బ్యాంకు ఫారంలో "ఇతర వివరాలు" అన్నచోట తన మోకాళ్ల నొప్పి గురించి నాలుగు వాక్యాలు రాసొచ్చిన మనిషి. వెనకాల అందరూ "గడులమ్మ" అని పిలుచుకుంటారు.

"ఖాళీ ఫారం చూపిస్తే ఎవరికి అర్థమవుతుంది? నింపే చూపిస్తాను. కొట్టిన టీచరు పేరు ఎవరిది రాద్దాం?" అన్నారావిడ.

అందరూ నేలచూపులు చూశారు. డ్రిల్లు మాస్టారికైతే ఉన్నట్టుండి దగ్గు కూడా వచ్చింది.

"నాది రాయండమ్మా. శుక్రవారం రిటైరైపోతున్నాను. నాకేం ఊడిపోతుంది?" అన్నారు లెక్కల మాస్టారు.

అందరూ ఘొల్లుమన్నారు. నవ్వరూ మరి! బెత్తం పట్టుకోగా ఆయన్ని చూసినవాళ్లు ఆ గదిలో ఎవరూ లేరు. ఆయనకున్న చాదస్తం ఒక్కటే. ఏటా కొత్త క్లాసు మొదటిరోజున ఒక్కొక్కరి వెనకా నిలబడి, పేరు పెట్టి మెల్లగా పిలుస్తారు. తిరిగి చూస్తే "శభాష్" అని ముందుకెళతారు. ఇదేం లెక్కల పాఠమో ఎవరికీ అర్థం కాలేదు, ఎవరూ అడగనూ లేదు.

"ఎన్ని దెబ్బలు మాస్టారూ?"

"ఒకటి. ఎడమ చెంప మీద, అరచేత్తో."

"ఎందుకు కొట్టారు?"

"ఏడో ఎక్కం అడిగితే చెప్పలేదని. మూడుసార్లు అడిగాను. మూడో బెంచీలో చివర, కిటికీ పక్క కుర్రాడు."

"అబ్బబ్బ! మీరు లెక్కలు చెప్పడం కాదండీ, కథలు రాయాల్సింది," అని మెచ్చుకుంటూ ఆవిడ గడులన్నీ నింపేశారు. తేదీ దగ్గర ఆరోజు తేదీ వేశారు. ఫిర్యాదుదారు సంతకం అన్నచోట తనే చిన్నపిల్లల రాతలో ఓ వంకర గీత గీశారు. చిట్టచివర "ఇతర వివరాలు"లో "ఇది నమూనా మాత్రమే" అని రాసి గుమాస్తా వైపు తిరిగారు. "దీన్ని కాస్త దాచిపెట్టవయ్యా."

గుమాస్తా వెతికాడు. దాచే మీట ఎక్కడా లేదు, పంపే మీట ఒక్కటే ఉంది. ఉన్నదాన్నే నొక్కాడు.

పాత చట్టంలోనైతే ఫిర్యాదు కోర్టు మెట్లెక్కేసరికి పిల్లవాడికి పెళ్లీడు వచ్చేది. అది బాగాలేదనే కదా మార్చారు! ఇప్పుడు ఫిర్యాదు అందిన గంటలో టీచరు బడి వదిలి వెళ్లాలి. మూడు రోజుల్లో కోర్టులో విచారణ జరగాలి. అప్పటిదాకా గేటు దాటి లోపలికి రాకూడదు. రెండో పీరియడ్ మధ్యలో మాస్టారి ఫోను మోగింది. ఆయన చదువుకుని, చేతి సుద్ద దులుపుకుని, "లెక్క పూర్తి చేసి ఉంచండి," అని పిల్లలకు చెప్పి వెళ్లిపోయారు.

విచారణ శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి. ఆయన ఆఖరి క్లాసూ అప్పుడే. దాని తరువాత వీడ్కోలు సభ.

హెడ్‌మిస్ట్రెస్ గారు ఫిర్యాదుల ఆఫీసుకు ఫోను చేశారు.

"అది ఉత్తుత్తి ఫిర్యాదండీ, తీసేయండి."

"తీసేయమని ఎవరు అడుగుతున్నారు మేడమ్?"

"హెడ్‌మిస్ట్రెస్‌ని."

"ఫిర్యాదు వెనక్కి తీసుకోమని ఒత్తిడి చేయడం సెక్షన్ తొమ్మిది కింద నేరమండీ. మీ మాట రికార్డయింది." సాయంత్రానికల్లా ఆవిడ రెండో ముద్దాయి అయ్యారు.

గురువారం పిల్లల సలహాదారు వచ్చింది. చాలా మంచి పిల్ల, నెమ్మదైన గొంతు. క్లాసులో నిలబడి, "మాస్టారు ఎవర్ని కొట్టారో భయపడకుండా చెప్పండి. వాళ్లు ఇవాళ పరీక్ష రాయక్కర్లేదు, నాతో కూర్చుని బొమ్మలేసుకోవచ్చు," అంది. పదకొండు చేతులు లేచాయి. అందులో ఒక పాప ఆ వారమే కొత్తగా చేరింది. ఒక్క ఫిర్యాదు కాస్తా పన్నెండయింది.

శుక్రవారం కోర్టు వరండాలో మాస్టారి భార్య హెడ్‌మిస్ట్రెస్ గారి పక్కన కూర్చుంది. సభలో వేసుకోవాల్సిన ఇస్త్రీ చొక్కా ఒళ్లో ఉంది.

"మీ అన్నయ్యగారు మూడు రోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదమ్మా," అంది.

"నా వల్లే వదినా. నా చెయ్యి విరిగిపోనూ! ఆ గడులు నింపకపోతే నా సొమ్మేం పోయింది?" ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

పిలుపు వచ్చి అందరూ లోపలికి వెళ్లాక జడ్జిగారు, నడివయసు ఆవిడ, ఫైలు తిప్పుతూ తిప్పుతూ చివరి గడి దగ్గర ఆగారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు.

"నమూనా అని ఇక్కడే రాసి ఉందిగా! మూడు రోజులుగా ఎవరూ చదవలేదా?"

జడ్జిగారు కలం అందుకున్నారు.

"దీన్నీ, దీన్ని పట్టుకుని వచ్చిన మిగతా పదకొండింటినీ, మేడమ్ మీది కేసునూ కొట్టేస్తున్నాను. మాస్టారూ, క్షమించండి. త్వరగా వెళితే మీ క్లాసు చివరనైనా అందుకుంటారు."

హెడ్‌మిస్ట్రెస్ గారు అప్పుడే లేచి బ్యాగు భుజాన వేసుకున్నారు. మాస్టారు కదలలేదు.

"అది నమూనా కాదమ్మా," అన్నారాయన జడ్జిగారితో.

"ఏమిటీ?"

"నిజంగానే కొట్టాను. తేదీ ఒక్కటే తప్పు. ఇరవై రెండేళ్లయింది. మూడుసార్లు అడిగాను, పలకలేదు. పొగరనుకున్నాను. మర్నాడు వాళ్లమ్మ వచ్చి, 'వాడికి ఎడమ చెవి వినపడదు మాస్టారూ. ముందే చెప్పాల్సింది, తప్పు మాదే' అంది. నాకు ఆవిడ క్షమాపణ చెప్పుకుంది! ఆ వారమే టీసీ తీసుకుని ఊరు మారిపోయారు. ఆ పిల్లాడు మళ్లీ నాకు కనిపించలేదు. ఆరోజు నామీద ఫిర్యాదు రాసినవాళ్లు ఎవరూ లేరు. మొన్న మేడమ్ అడిగితే నోటికి అదే వచ్చేసింది."

హెడ్‌మిస్ట్రెస్ గారికి పిల్లల వెనక నిలబడి ఆయన మెల్లగా పేర్లు పిలవడం ఎందుకో అప్పుడు అర్థమైంది. ఇన్నేళ్లూ దాన్ని చాదస్తమని తనూ నవ్వారు.

జడ్జిగారు కలం పక్కన పెట్టారు. "మూడేళ్లు దాటితే కాలదోషం పట్టినట్టే మాస్టారూ. కొత్త చట్టంలోనూ అంతే. నేను విననూ లేను, శిక్ష వేయనూ లేను. మీరు వెళ్లొచ్చు," అన్నారు. ఆ మాట అనడానికి ఆవిడకు కష్టమైంది.

బయటికొచ్చేసరికి నాలుగు దాటింది. బడిలో ఆఖరి గంట కొట్టేసి ఉంటారు. మాస్టారు కోర్టు వరండాలోని ఫిర్యాదుల కౌంటరు మీది కట్టలోంచి ఒక ఖాళీ ఫారం తీసుకున్నారు.

"పనికిరాదన్నారు కదా మాస్టారూ," అన్నారు హెడ్‌మిస్ట్రెస్ గారు.

"తెలుసమ్మా. అయినా ఒక్కసారి సరైన తేదీతో రాయండి. ఈ గడులు మీకు అలవాటే కదా."

బల్ల మీద కూర్చుని ఆవిడ రాశారు. ఆయన చెప్పారు. కొట్టినవారి పేరు, తేదీ, మూడో బెంచీ, కిటికీ, ఎడమ చెంప. కుర్రాడి పేరు ఆయన తడుముకోకుండా చెప్పారు, ఇంటిపేరుతో సహా. ఇక ఫిర్యాదుదారు సంతకం మిగిలింది. అలవాటు కొద్దీ ఆవిడ పెన్ను ఆ గడి మీదికి వెళ్లింది. మాస్టారి వైపు చూశారు. పెన్నుకు మూత పెట్టేశారు.

కౌంటరులోని ఉద్యోగి ఫారాన్ని పైనుంచి కిందిదాకా చూసి, "ఒక గడి నింపలేదండీ," అని వెనక్కి ఇచ్చేశాడు.