కెప్టెన్ పడవ దిగరాదు

పెర్సిస్‌కి అన్నిటికన్నా పెద్ద భయం, మొగుడు జైలుకి పోతాడని.

అలాగని తోమా దొంగా కాదు, తాగి తన్నే రకమూ కాదు. కొల్లేట్లో పడవ నడుపుతాడు, అంతే. చలికాలంలో పక్షుల్ని చూడ్డానికి ఏలూరు నుంచీ తాడేపల్లిగూడెం నుంచీ జనం వస్తారు. వాళ్లని ఎక్కించుకుని గూడబాతుల దాకా తీసుకెళ్లి, మళ్లీ రేవులో దింపుతాడు. మొన్నమొన్నటిదాకా పెర్సిస్‌వన్నీ చిన్నచిన్న భయాలే. చంటిదానికి జలుబు చేస్తుందేమోనని, పొయ్యి మీద పాలు విరుగుతాయేమోనని. ఈ పెద్ద భయం ఆమెకి ప్రభుత్వం ఇచ్చింది. ఊరికే ఇవ్వలేదు, ఏలూరులో సభ పెట్టి, మొగుడికి శాలువా కప్పి మరీ ఇచ్చింది.

ఆ సభలో జలవిహార శాఖ మంత్రి గంగాధరరావుగారు మైకు రెండు చేతులా పట్టుకుని ప్రకటించారు.

"ఈ క్షణం నుంచి కొల్లేట్లో పడవవాడనేవాడు లేడు! అందరూ కెప్టెన్లే! కెప్టెన్‌కి బీమా! కెప్టెన్‌కి బాధ్యత! మహాసముద్రాల్లో ఓడలకి ఏ చట్టమో, మన కొల్లేటికీ అదే చట్టం!"

కొల్లేట్లో నీళ్లు నడుముదాకా ఉంటాయి. అంతమాత్రం నీళ్లకి అంత లోతైన చట్టం తేవడం మామూలు మనిషి వల్ల కాదని సభలో అందరూ ఒప్పుకున్నారు. తోమాకి తెల్ల టోపీ పెట్టారు. దాని మీద బంగారు రంగు లంగరు బొమ్మ. కొల్లేట్లో లంగరు వేసినవాడెవడూ లేడు గనక తోమా దాన్ని కొత్తరకం గేలమనుకున్నాడు.

తరవాత స్పెషలాఫీసరు కృష్ణచైతన్యగారు లేచి చట్టాన్ని విడమరిచి చెప్పారు. కుర్రవాడైనా చాలా మర్యాదస్తుడు.

"కెప్టెన్ పడవలో ఉన్నంతసేపూ బీమా ఉంటుందండి. ప్రయాణికులకి ఏం జరిగినా జవాబుదారీ కెప్టెన్‌దేనండి. వాళ్లు రేవులో దిగి ప్రయాణం పూర్తయ్యేదాకా కెప్టెన్ పడవ దిగకూడదండి. దిగితే పడవ వదిలేసి పారిపోయినట్టు లెక్కండి. నేరుగా జైలేనండి."

జైలన్న మాటని అంత గౌరవంగా పలకగా పెర్సిస్ ఎప్పుడూ వినలేదు.

ఎనిమిదో తరగతిలోనే బడి మాన్పించేశారు గనక తనకి తెలియనివి చాలా ఉంటాయని ఆమె అనుకుంటూ ఉంటుంది. అయినా ఆగలేక, చంటిదాన్ని చంకనేసుకుని లేచింది.

"అయ్యా, మరి దిగకపోతే పడవ ఎలా కదులుద్దండీ?"

కొల్లేట్లో పడవ నడపడమంటే సగం దూరం గెడ వెయ్యడం, సగం దూరం దిగి నెట్టడం. గుర్రపుడెక్క అడ్డం పడిందంటే గెడా పనిచెయ్యదు, ఇంజనూ పనిచెయ్యదు. లుంగీ ఎగ్గట్టి నీళ్లలోకి దూకి, రొమ్ము ఆనించి నెట్టాల్సిందే. పాము కరిచినా, సీసాపెంకు దిగినా అప్పుడే. పడవలో కూర్చుని చచ్చిపోయినవాడు వాళ్ల లంక ఊళ్లో ఒక్కడూ లేడు.

"చాలా మంచి ప్రశ్నండి," అన్నారు కృష్ణచైతన్యగారు. "అమ్మగారికి చప్పట్లు కొట్టండి."

అందరూ కొట్టారు. పెర్సిస్ కూర్చుంది.

సాయంత్రం ఇంటికి రాగానే పక్కింటి సుబ్బాయమ్మ ఎదురొచ్చింది. "ఏవమ్మా కెప్టెన్‌గారి పెళ్లామా, ఇక మాతో మాట్లాడతావా, మానేస్తావా?"

"ఊరుకో పిన్నీ, నాకసలే గుండె దడగా ఉంది."

"దడెందుకే? ప్రాణానికేమన్నా అయితే డబ్బులిస్తారంటగా."

"పడవలో కూర్చుని ఉండగా అయితేనంట."

"కూర్చున్నవాడికి ఏవవుద్దే?"

"అదే నాకూ తెలీట్లేదు."

లోపల తోమా టోపీ పెట్టుకునే అన్నం తింటున్నాడు.

"ఏవండీ, రేపు మీ పడవలోనే మంత్రిగారంట. ఏం జరిగినా దిగొద్దు. నామీద ఒట్టు."

"దిగనే. నేనేవన్నా పడవవాణ్ణా?" అన్నాడు తోమా.

మర్నాడు ప్రారంభోత్సవం. మంత్రిగారు, కృష్ణచైతన్యగారు, ఒక టీవీ ఆయన తోమా పడవెక్కారు. వెనక పడవల నిండా కార్యకర్తలు. పడవ రేవు నుంచి కేకేస్తే వినపడేంత దూరం వెళ్లి గుర్రపుడెక్కలో కూరుకుపోయింది. వెనక పడవలూ వరసగా వచ్చి అక్కడే కూరుకుపోయాయి. నాయకుడి అడుగుజాడల్లో నడవడమంటే అది.

తోమా అలవాటుకొద్దీ ఒక కాలు బయట పెట్టాడు.

"ఏవండీ! కాలు లోపలెట్టండి!" అని రేవులోంచి పెర్సిస్ పెట్టిన కేకకి గూడబాతులన్నీ లేచిపోయాయి. పక్షులు మంత్రిగారికి స్వాగతం పలుకుతున్నాయని టీవీ ఆయన చెప్పుకున్నాడు.

"ఏవయ్యా, దిగి నెట్టవేం?" అన్నారు మంత్రిగారు.

"దిగితే అరెస్టు చెయ్యాలి సార్," అన్నారు కృష్ణచైతన్యగారు.

"ఎవడు పెట్టాడా రూలు?"

"తమరే సార్. నిన్న ఏలూర్లో."

మంత్రిగారు టీవీ ఆయన వైపు చూసి గొంతు తగ్గించారు. "అంత గట్టిగా పెట్టానా?"

"చాలా గట్టిగా సార్."

"పోనీ వెనక పడవలవాళ్లని దిగమను."

"వాళ్లూ కెప్టెన్లే సార్."

"మామూలు పడవవాడు ఒక్కడూ లేడా ఇక్కడ?"

"నిన్ననే రద్దు చేశారు సార్."

రేవులో ఉన్న పెర్సిస్, సుబ్బాయమ్మ కొంగులు దోపుకుని మేమొచ్చి నెడతామన్నారు. కృష్ణచైతన్యగారు పడవలోంచే చెయ్యెత్తి వారించారు. "నెట్టినవాళ్లు సిబ్బంది కిందకొస్తారండి! సిబ్బందికీ ఇదే చట్టమండి!"

ఎండ నడినెత్తికొచ్చింది. ప్రయాణికులు దిగడానికి మాత్రం చట్టంలో అడ్డేమీ లేదని తేలింది. మంత్రిగారు పంచె పైకి కట్టి దిగారు. దిగి, పడవ వైపు కూడా చూడకుండా ఒడ్డుకి నడిచారు. బూట్లు నెత్తిన పెట్టుకుని కృష్ణచైతన్యగారు, జై కొట్టుకుంటూ కార్యకర్తలు వెనకాల నడిచారు. ప్రజల కోసం నీళ్లలో నడిచిన నేత అని టీవీలో అప్పటికే వచ్చేస్తోంది.

ఒడ్డున కొబ్బరిబొండం తాగి మంత్రిగారు విలేకరులతో అన్నారు. "పథకం మొదలై ఒకరోజు. ఒక్క ప్రమాదం లేదు. బీమా అడిగినవాడు ఒక్కడు లేడు. ఇంతకన్నా విజయం ఏం కావాలి?" అని కారెక్కి తాడేపల్లిగూడెంలో ఇంకో ప్రారంభోత్సవానికి వెళ్లిపోయారు.

పెర్సిస్ కృష్ణచైతన్యగారి దగ్గరకి పరిగెత్తింది. ఆయన ప్యాంటు పిండుకుంటున్నారు.

"అయ్యా, అందరూ దిగిపోయారు కదండీ. మా ఆయన దిగొచ్చాండీ?"

"దిగకూడదండి. ప్రయాణికులు రేవులో దిగలేదు కదండీ, దారిలో దిగారు. ప్రయాణం ఇంకా పూర్తి కాలేదండి."

"మరెప్పుడు పూర్తవుద్దండీ?"

"మంత్రిగారు మళ్లీ వచ్చి, అదే పడవెక్కి, రేవులో దిగితే పూర్తయినట్టేనండి."

"ఎప్పుడొస్తారండీ?"

"చాలా మంచి ప్రశ్నండి," అన్నారు కృష్ణచైతన్యగారు.

మర్నాడు పేపర్లో రంగుల ఫొటో వచ్చింది. టోపీలు పెట్టుకున్న కెప్టెన్లు, బారులు తీరిన పడవలు. కొల్లేటి పర్యాటకానికి కొత్త ఊపు అని కింద రాశారు.

అప్పటినుంచీ పెర్సిస్ పూటపూటకీ క్యారేజీ నెత్తినపెట్టుకుని నడుముల్లోతు నీళ్లలో వెళ్లి తోమాకి అన్నం ఇచ్చి వస్తోంది. పడవ ముట్టుకోదు, చెయ్యి చాచి అందిస్తుంది. ఇవాళ మాత్రం చంటిదాన్నెత్తుకుని తాడేపల్లిగూడెం బస్సెక్కింది. మంత్రిగారి కాళ్లు పట్టుకునైనా ఒక్కసారి పడవెక్కి దిగిపొమ్మని అడగడానికి. పొద్దున్నుంచీ మంత్రిగారింటి గేటు దగ్గరే నించుంది. లోపల మీటింగంట. ఎప్పటికి తిరిగొస్తుందో తెలీదు.

మీరెవరైనా పక్షుల్ని చూడ్డానికి ఆ రేవు వైపు వెళ్తే, తోమా ఏమన్నా తిన్నాడో లేదో ఒక్కసారి కనుక్కోండి. వరసలో అన్నిటికన్నా ముందున్న పడవ. ఒడ్డు మీంచి పిలిచినా పలుకుతాడు. మాటల్లో పడి పడవ మాత్రం ఎక్కకండి. మిమ్మల్ని కూడా రేవులో దింపాల్సి వస్తుంది.