ఊట బాట మీద మిరపకాయలు

పొద్దున్నే చల్లటి వేళ బయల్దేరి, ఎండెక్కకముందే ఇంటికొచ్చి పడాలన్నది బుల్లయ్య పథకం. అదేమంత పెద్ద పథకం కాదు. పక్షవాతంతో కుడిపక్క పడిపోయిన దగ్గర్నుంచి అతని భార్య సుబ్బరావమ్మ నోరు తెరిచి అడిగింది ఒక్కటే. వినుకొండ అవతల గుట్ట కింద ఊటలో ఒక్కసారి కాళ్లు పెట్టుకుని కూర్చోవాలని. పెళ్లయిన కొత్తలో పొలం నుంచి వస్తూ రోజూ ఆ నీళ్లే తాగిన మనిషి. ఈపాటి కోరిక తీర్చలేకపోతే తానేం మొగుణ్ణని బుల్లయ్య కుమిలిపోయాడు. అదృష్టవశాత్తూ ఆ ఏడే ఊట చుట్టూ పార్కు కట్టి, పిల్లలకీ ముసలివాళ్లకీ వీలుగా, చక్రాల కుర్చీ కూడా పోయేలా, గేటు నుంచి నీళ్ల దాకా నున్నటి సిమెంటు బాట వేశారు.

ముందురోజు ఆటో మాట్లాడి, కుర్చీ అద్దెకు తెచ్చే హడావిడిలో ఉండగా బావమరిది కోటేష్ వచ్చాడు. "బావా, కళ్లమంతా బురదగా ఉంది. మన మిరపకాయ ఎక్కడ ఆరబొయ్యమంటావ్?"

"నా బుర్ర తినకురా! ఎక్కడన్నా సిమెంటు నేల చూసి పొయ్యి" అని కసిరాడు బుల్లయ్య.

తెల్లారి భార్యను కుర్చీలో తోసుకుంటూ పార్కు గేటు దాటాడో లేదో, బుల్లయ్య ఆగిపోయాడు. బాట కనపడితేగా! ఈ చివర నుంచి ఆ చివరకు ఎర్రగా మిరపకాయలే.

"ఏ దరిద్రుడ్రా ఈ పని చేసింది! నడవలేనోళ్ల దారిలో కాయ పోస్తాడా? వాడికి పెళ్లాంబిడ్డలు లేరా?"

కాపలాదారు పీరు చేతులు నలుపుకుంటూ వచ్చాడు. "మీ కోటేషేనండి మొదలెట్టింది. బుల్లయ్యగారే పొయ్యమన్నారన్నాడు. అది చూసి ఊరు ఊరంతా దిగిందండి."

బుల్లయ్య తువ్వాలు నడుముకు బిగించి కాయను పక్కకు తొయ్యడం మొదలెట్టాడు. ఘాటు లేచింది. పీరు తుమ్మాడు, ఆటోవాడు తుమ్మాడు, కుర్చీలో సుబ్బరావమ్మ తుమ్మి తుమ్మి పక్కకు ఒరిగింది. తోసిన కాయ పోయి పక్క రైతు రాఘవులు కాయలో కలిసింది.

"నా తేజ రకంలో నీ లావురకం కాయ కలుపుతావా!" అని రాఘవులు పరుగెత్తుకొచ్చాడు. అతని వెనక కోటేష్, మిగతావాళ్లు. తిట్టడానికి నోరు తెరిచిన ప్రతివాడికీ తుమ్మే వస్తుంటే తగువు ఎంతకీ తెగలేదు.

అంతలో గుట్ట మీద మబ్బు కమ్మింది. తగువు మానేసి అందరూ కాయ ఎత్తడానికి ఎగబడ్డారు. చూస్తుండగానే బాట మధ్య కుర్చీ పట్టేంత దారి పడింది. ఎదురుగా ఊట కనిపిస్తోంది.

"పదవే, చప్పున పోయొద్దాం!" బుల్లయ్య కుర్చీని తోశాడు.

సుబ్బరావమ్మ ఎడంచేత్తో చక్రం పట్టుకుంది. "మతి పోయిందా... ఏవయ్యా? ఏడాది కష్టం... తడిసిపోతంటే... నీళ్లల్లో కాళ్లు పెట్టుక్కూచోనా? ముందు కాయెత్తు."

"నీ కోసమే గదే వచ్చింది!"

"రేపొద్దాంలే. ఎత్తు."

ఆమె మాట కాదనడం బుల్లయ్యకు ఏనాడూ చేతకాలేదు. ఎత్తాడు. కోటేష్ కుప్ప మీద పట్టా కప్పి, మిగిలిన కొస అక్క తల మీదికి లాగాడు. వాన దంచికొడుతుంటే ఆమె పట్టా కింద కూర్చుని రంగుపోయిన తాలుకాయలు ఏరింది. కాయ ఒక్కటీ తడవలేదు. ఆటోలో ఆమె ముఖం తృప్తిగా ఉంది. బుల్లయ్యకే ఏడుపు ఆగలేదు.

మర్నాడు ముసురు. ఆ మర్నాడు కుర్చీ దొరకలేదు. ఆ వారంలోనే పక్షవాతం తిరగబెట్టింది. ఈసారి సుబ్బరావమ్మ లేవలేదు.

పెద్దకర్మ అయ్యాక బుల్లయ్య ఒంటరిగా పార్కుకొచ్చాడు. పీరు గేటు బార్లా తీశాడు. "అమ్మగారి సంగతి తెలిసి ఊళ్లోవాళ్లే వచ్చి బాటంతా ఊడ్చి కడిగారండి. ఇక ఇక్కడ కాయ పొయ్యబోమన్నారండి."

బుల్లయ్య ఊటలో కాళ్లు పెట్టుకుని కడుపారా ఏడ్చాడు. చక్రాల కుర్చీ పోవడానికి అంతకన్నా మంచి బాట ఆ చుట్టుపక్కల ఎక్కడా లేదు.