ఎటు నడిచినా దక్షిణమే

ఆదివారం పొద్దున టైలరు భార్య మంచం మీద రెండు సంచులు పెట్టి తాడు, అగ్గిపెట్టె, నీళ్ల సీసాలు, ఈల, మడిచిన మ్యాపు సర్దింది. భర్త మెడలో వేలాడుతున్న కొలత టేపు తీసి తలుపు గడియకు తగిలించింది. అడవికి కొలతలు తీయడానికి వెళ్లడం లేదని చెప్పింది. టేపు పోయింది గానీ, చొక్కా జేబులో అయస్కాంతం ఉండిపోయింది. షాపులో కింద రాలిన గుండుసూదులు ఏరడానికి ఆయన దాన్ని వాడతాడు. చొక్కా మార్చినప్పుడల్లా అది పాత జేబులోంచి కొత్త జేబులోకి మారుతుంది. ఆ పని చెయ్యి చేసేస్తుంది. ఆయనకు తెలియను కూడా తెలియదు.

ఆమె ఒక బడిలో గుమాస్తా. బస్సు కిటికీలోంచి రోజూ కనబడే కొండల వరుసను ఒక్కసారైనా నడిచి దాటాలని ఆమెకు పెళ్లికి ముందు నుంచీ ఉంది. అడవిలో నడక నేర్పే సంస్థ ఒకటి ఏడాదికోసారి ఆ కొండల మీదుగా నాలుగు రోజుల యాత్రకు తీసుకెళ్తుంది. ఇద్దరిద్దరు జట్టుగానే రావాలి. ముందుగా ఒక్కో ఆదివారం ఒక్కో జట్టు మిగతావాళ్లను అడవిలో నడిపించి గమ్యం చేర్చాలి. మ్యాపు ఒకరి చేతిలో, దిక్సూచి ఇంకొకరి చేతిలో ఉంటాయి. చేర్చలేకపోతే ఆ జట్టుకు యాత్ర లేదు. రోజంతా మిషను తొక్కుతున్నాను, అంతకంటే నడకేముందని టైలరు చాలాకాలం తప్పించుకున్నాడు. చివరికి ఒప్పుకున్నాడు. ఇవాళ వాళ్ల వంతు.

పరీక్ష తేలికే. రోడ్డు దగ్గర బయల్దేరి, నేరుగా దక్షిణానికి నడిచి, వాగు ఒడ్డుకు చేరాలి. దిక్సూచిలో ఎర్ర ముల్లు ఉత్తరం చూపిస్తుంది కాబట్టి, అది తన గుండె వైపు తిరిగి ఉంటే తను దక్షిణానికి వెళ్తున్నట్టు. ఈ మాట సంస్థ శిక్షకురాలు టైలరు చేత మళ్లీ మళ్లీ చెప్పించింది. తాను అందరికీ వెనక నడుస్తానని, దారి తప్పినా నోరు విప్పనని చెప్పింది.

టైలరు దిక్సూచిని మెడలో వేసుకుని ఛాతీ ముందు పట్టుకున్నాడు. జేబుకూ దానికీ మధ్య జానెడు దూరం లేదు. ఎర్ర ముల్లు గుండె వైపు తిరిగి నిలబడింది. పొద అడ్డం వస్తే ఆయన పక్కకు తిరిగాడు. ముల్లూ తిరిగింది. బండ చుట్టూ వెళ్లాడు. ముల్లు గుండెను వదల్లేదు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన ఏం చేసినా అవునన్న వస్తువు అదొక్కటే. ఆయన నడక వేగం పెరిగింది.

"మ్యాపులో ఇక్కడ పల్లం ఉండాలండీ. మనం ఎక్కుతున్నాం," అంది భార్య.

"ముల్లు చూడు."

చూసింది. ముల్లు సరిగ్గానే ఉంది.

"గుట్ట ఎడమ పక్కన ఉండాలి. కుడి పక్కనుంది."

"మ్యాపు గీసినవాడు అటు నుంచి వచ్చి ఉంటాడు."

వెనక పళ్ల డాక్టరు, ఆయన అత్తగారు ఒక జట్టు. ఆ వెనక ఇంకో జట్టు. మబ్బు పట్టి ఉండటంతో ఎండను బట్టి దిక్కు చెప్పే వీలు లేదు. పడిపోయిన ఒక మాను దగ్గర అత్తగారు ఆగింది. దీన్ని ఇందాకే దాటాం కదా అని అల్లుణ్ని అడిగింది.

"అడవిలో చెట్లన్నీ ఒకలాగే ఉంటాయి అత్తయ్యగారూ."

"నోట్లో పళ్లన్నీ ఒకలాగే ఉంటాయని చెప్పి మంచి పన్ను పీకేస్తారా అల్లుడుగారూ?"

ఆ మాను మూడోసారి ఎదురయ్యాక శిక్షకురాలు ఒట్టు తీసి గట్టు మీద పెట్టింది. తన దిక్సూచి వేరే దారి చూపిస్తోందంటూ ముందుకొచ్చి, టైలరు దిక్సూచి పక్కనే దాన్ని పట్టుకుంది. రెండు ఎర్ర ముళ్లూ టైలరు గుండెనే చూపించాయి. ఆమె తన దిక్సూచిని వేలితో కొట్టింది. ముల్లు ఊగి మళ్లీ అక్కడికే వచ్చింది.

"మొన్న కింద పడింది. దెబ్బ తిన్నట్టుంది," అంది. "మీరు చెప్పిందే కరెక్టు. పదండి."

ఇప్పుడామె కూడా పక్కనే నడుస్తోంది కాబట్టి ఎవరికీ అనుమానం మిగల్లేదు. ధైర్యంగా ముళ్లపొదల్లోకి దిగారు. మధ్యాహ్నం దాటింది. సీసాల్లో నీళ్లు అడుగంటాయి. ఒక కొమ్మ తగులుకుని అత్తగారి సంచి పట్టీ తెగింది.

కుట్టడం టైలరు పని. సంచిలోంచి సూదుల డబ్బీ తీశాడు. అది చెయ్యి జారి సూదులు గడ్డిలో చెల్లాచెదురయ్యాయి. అలవాటుగా జేబులోంచి అయస్కాంతం తీసి గడ్డి మీద తిప్పాడు. మెడలోని దిక్సూచిలో ముల్లు చేతి వెంట తిరిగింది. చెయ్యి ఎడమకు జరిపాడు. ముల్లు ఎడమకు వచ్చింది. కుడికి జరిపాడు. కుడికి వచ్చింది. ఆయన అలాగే మోకాళ్ల మీద ఉండిపోయాడు.

భార్యను పక్కకు పిలిచి చెవిలో చెప్పాడు. ఆమె మ్యాపును మడత పెట్టింది.

"యాత్ర పోయినట్టేగా," అంది.

"ఎవరికీ చెప్పకుండా, మెల్లగా దీన్ని వెనక జేబులోకి మార్చేసుకోనా?"

ఆమె డాక్టరు అత్తగారి వైపు చూసింది. ఆ పెద్దావిడ బండ మీద కూర్చుని మోకాళ్లు నొక్కుకుంటోంది.

"వద్దు. మనల్ని నమ్మి వచ్చారు. వెళ్లి చెప్పండి."

టైలరు అయస్కాంతాన్ని అరచేతిలో పెట్టుకుని శిక్షకురాలి ముందు నిలబడ్డాడు. ఆమె అయస్కాంతాన్ని చూసింది, తన దిక్సూచిని చూసింది, తన చేతి మీది ముళ్ల గీతల్ని చూసుకుంది. ఎదురుచూస్తున్న మిగతావాళ్లనూ చూసింది. తర్వాత అందరినీ దగ్గరికి పిలిచింది.

"పొద్దున్నుంచీ చూస్తున్నాను, ఒక్కరైనా గట్టిగా నిలదీస్తారేమోనని. ఈ అయస్కాంతం జేబులో పెట్టుకోమని ఈయనకు చెప్పింది నేనే. పరికరాన్ని గుడ్డిగా నమ్మితే ఏమవుతుందో మీకు తెలియాలి. మీ రెండు జట్లూ మళ్లీ పరీక్షకు రావాలి. ఈ జట్టు పాసు."

"మరి మీ దిక్సూచి దెబ్బ తిందన్నారు?" అడిగింది అత్తగారు.

"అదీ పాఠంలో భాగమే."

టైలరు నోరు తెరిచాడు. శిక్షకురాలు ఆయన వైపు చూసింది. మూశాడు. పళ్ల డాక్టరు టైలరు దగ్గరికి వచ్చి, పంటి నొప్పి ఎప్పుడొచ్చినా తన దగ్గరికే రమ్మని నెమ్మదిగా చెప్పాడు.

అయస్కాంతాన్ని రుమాల్లో చుట్టి బాగా వెనక నడిచేవాళ్లకిచ్చారు. టైలరు భార్య దిక్సూచి లాక్కుని, మ్యాపు విప్పి, పొద్దు వాలకముందే అందరినీ వాగు ఒడ్డుకు చేర్చింది. పాసయ్యామని టైలరు నవ్వబోయాడు.

"అంతా మీకు ముందే తెలుసన్నమాట," అంది ఆమె.

"నీ మీద ఒట్టు, నాకేం తెలియదు. ఆవిడ పరువు కోసం అబద్ధం చెప్పింది."

"తెలియనట్టు నా చెవిలో చెప్పారు. యాత్ర పోయిందని నా చేత అనిపించారు. వెళ్లి చెప్పమని కూడా నాతోనే అనిపించారు. ఇది పరీక్ష ఎవరికండీ, వాళ్లకా, నాకా?"

నిజం చెప్పి ఒప్పించాలంటే శిక్షకురాలు కూడా నిజం చెప్పాలి. ఆవిడ అప్పటికే ఆ పాఠాన్ని వచ్చే ఏటి శిక్షణలో చేర్చాలని చూస్తోంది.

యాత్రకు ఇద్దరూ వెళ్లారు. నాలుగు రోజులూ ఆమె ముందు నడిచింది, ఆయన వెనక నడిచాడు, కొండలు ఎలా ఉన్నాయో ఆమె అందరితోనూ చెప్పింది, ఆయనతో తప్ప.