విజిల్ గారి మాంటిస్సోరి చదువు

బస్సు డిపోలో ఆయన టైమ్‌కీపర్. ఏ బస్సు ఎప్పుడు కదలాలో ఆయన నోట్లోని విజిలే చెప్పాలి. అందుకని డ్రైవర్లంతా కలిసి ఆయనకు విజిల్ గారని పేరు పెట్టారు. ఆయన అటు తిరిగాక వాళ్ళు అంటారు. ఇల్లాలు మాత్రం ఎదురుగానే అంటుంది.

ఆవిడ ఇంటి ముందుగదిలో, ఉద్యోగాలకు వెళ్ళే తల్లిదండ్రుల చిన్నపిల్లల్ని చూసుకుంటుంది. అలాగని ఆయాపని కాదు. మాంటిస్సోరి పద్ధతి పట్టుదలగా నేర్చుకుని వచ్చింది. వచ్చీరాగానే విజిల్ గారు కునుకు తీసే సోఫాను వెనక వరండాలోకి తోయించి, గోడ పొడవునా పిల్లల నడుమెత్తు అరలు కొట్టించింది. అరల్లో ట్రేలు, ట్రేలలో బుల్లి జగ్గులు, నిజమైన గాజుగ్లాసులు, బొత్తాలు పెట్టి తీసే చట్రాలు. ఎవరికి కావలసింది వాళ్ళు తెచ్చుకోవాలి, చాప పరుచుకోవాలి, పని చేసుకోవాలి, మళ్ళీ ఎక్కడిది అక్కడ పెట్టాలి. నీళ్ళు ఒలికితే తుడుచుకోవాలి. ఒలికించినందుకు తిట్లుండవు.

విజిల్ గారికి ఇదంతా పెద్ద మాయగా కనిపించేది.

"పనంతా పిల్లలే చేస్తుంటే నువ్వేం చేస్తున్నట్టు?"

"చూస్తున్నాను."

"ఊరికే చూడ్డానికి ట్రైనింగా?"

"ఊరికే చూడ్డం ఎంత కష్టమో మీకు తెలీదు. మీరు పాలు కాగుతుంటేనే ఊరుకోలేరు, గరిట పెట్టి కెలుకుతారు."

ఆయన బాధ ఆయనది. ఆ గదిలో ఓ పిల్లాడున్నాడు. వాడికి ఆయన బొత్తాల బాబు అని పేరు పెట్టారు. వాడు చొక్కాకి బొత్తాలు పెట్టుకోవడం మొదలెడితే దూరప్రాంతం బస్సు వెళ్ళి తిరిగి రావాల్సిందే. పై బొత్తాం కింది కాజాలో దూరుతుంది. వాడు కిందికి చూసుకుని, ఏదో తేడా వచ్చిందని గ్రహించి, నింపాదిగా అన్నీ విప్పి మళ్ళీ మొదలెడతాడు. చూస్తున్న విజిల్ గారి చేతులు దురద పెట్టేవి. ఆయన వంగబోతే ఆవిడ కళ్ళతోనే ఆపేది. చివరికి బొత్తాం సరైన కాజాలో దిగినప్పుడు వాడి మొహం వెలిగిపోయేది. ఆ వెలుగు ఆయనా చూశారు గాని, ఒప్పుకోవడానికి మనసు రాలేదు.

ఇంకో పాప ఉంది. ఇంట్లో వసపిట్ట, గడప దాటితే మూగనోము. చేరిన దగ్గర్నుంచీ గదిలో ఒక్క మాట మాట్లాడలేదు. చెయ్యి కడుక్కునే బల్ల దగ్గర గంటల తరబడి నిలబడి, బొమ్మల గిన్నెలు తోముతూ ఉండేది. ఆ పాప తండ్రి వంతెనలు కట్టే ఇంజినీరు. ఏదైనా నిలబడుతుందా లేదా అని లెక్క వేయందే నమ్మడు. ఆయన ఓ సాయంత్రం వచ్చి, నీళ్ళతో ఆడుకోవడం ఇంట్లోనూ జరుగుతుందని, మాట రాని చోట పిల్లని ఉంచలేనని మర్యాదగానే చెప్పాడు. మర్నాడు మధ్యాహ్నం వచ్చి చూసి తేలుస్తానన్నాడు. ఇల్లాలు సరేనంది. కానీ ఆ రాత్రి అన్నం ముట్టలేదు. ఆ పాప వేళ్ళు నీళ్ళల్లో ఎంత శ్రద్ధగా కదులుతాయో, ఆ శ్రద్ధలోంచే మాట వస్తుందని, ఇంకొంచెం ఆగితే చాలని, మొగుడితో చెప్పుకుని బాధపడింది.

తెల్లారేసరికి గోరుచుట్టు మీద రోకటి పోటులా ఆవిడకి పన్ను పోటెత్తింది. బుగ్గ బంతిలా వాచింది. పంటి డాక్టరు దగ్గరకు వెళ్ళక తప్పదు. విజిల్ గారు డిపోకి సెలవు పెట్టేశారు.

"మీరేమీ చేయకండి," అందావిడ గుమ్మం దగ్గర, బుగ్గ పట్టుకుని. "పిల్లలకి వాళ్ళ పని తెలుసు. కూర్చుని చూడండి, చాలు."

"నేను చూసుకుంటాగా!"

"అదే నా భయం."

ఆవిడ వీధి మలుపు తిరగ్గానే విజిల్ గారు రంగంలోకి దిగారు. ఆయన పథకం చిన్నదే. ఇంజినీరు వచ్చేలోగా పిల్లలందరికీ అక్షరాలు వల్లె వేయించాలి. ఆ మూగనోము పాప చేత 'అ' అనిపించినా చాలు, భార్య బడి నిలబడుతుంది, పరువు దక్కుతుంది. బతిమాలడానికి జేబునిండా చాక్లెట్లు తెచ్చి పెట్టుకున్నారు. అసలు సంగతి, ఆవిడ కళ్ళల్లో నీళ్ళు ఆయన చూడలేకపోయారు. మంచి మనసుతో చేసిన తింగరి పని ఎంత దూరమైనా పోతుంది.

ముందుగా మీసం దువ్వుకుని, గదిలో విజిల్ ఊదారు.

ఎక్కడి పిల్లలు అక్కడ ఉలిక్కిపడ్డారు. పూసలు గుచ్చుతున్న పాప చేతిలోంచి పళ్ళెం జారి పూసలన్నీ గది నాలుగు మూలలకీ పారిపోయాయి. నీళ్ళు వంపుతున్న పిల్లాడు గ్లాసులో కాకుండా విజిల్ గారి పాదాల మీద వంపాడు. బొత్తాల బాబు మాత్రం తలెత్తలేదు.

అందర్నీ వరసగా కూర్చోబెట్టి చాక్లెట్లు పంచారు. 'అ అంటే ఏమిటి' అని మొదలెట్టేలోగా ఆ చాక్లెట్లు చేతులకి, చేతులనుంచి చాపలకి, చాపలనుంచి అరలకి చేరాయి. పిల్లలు మరకలు చూసి మురిసిపోయారు. తుడవడానికి ఇంత పని వాళ్ళకి ఎప్పుడూ ఒక్కసారిగా దొరకలేదు. తలా ఓ గుడ్డ పట్టుకుని నాలుగు పక్కలా బయలుదేరారు. అక్షరాల వైపు చూసే నాథుడు లేడు. విజిల్ గారు అరలో దొరికిన, పిల్లలు వేలితో తడిమి నేర్చుకునే గరుకుకాగితం 'అ' అట్టని తలపైకెత్తి గది మధ్యలో, వాన వెలిశాక గొడుగు పట్టుకున్నవాడిలా నిలబడ్డారు.

సరే, ఇల్లన్నా సర్దేద్దామని అరలోంచి ఓ పొడవాటి చెక్కదిమ్మ తీశారు. దాన్నిండా రకరకాల గుంతలు, ఏ గుంతకి తగ్గ కట్టె దానిదే. కట్టెలన్నీ కింద పడున్నాయి. ఏది ఎందులోదో ఒక్కొక్కటీ పెట్టి చూసే ఓపిక ఆయనకెక్కడిది? కొలుద్దామని గుంతలో బొటనవేలు పెట్టారు. వేలు దిగింది. మళ్ళీ రాలేదు.

లాగారు. మోకాలు అడ్డుపెట్టి లాగారు. దిమ్మతో సహా గది చుట్టూ ఓ ప్రదక్షిణం చేశారు. వేలు వంకాయరంగు తిరిగింది. ప్రతిదానికీ ఎందుకని అడిగే పాప ఒకతె వచ్చి ఎదురుగా నిలబడింది.

"అందులో వేలెందుకు పెట్టావు మావయ్యా?"

"చూద్దామని, తల్లీ."

"చూసేది కళ్ళతో కదా?"



సరిగ్గా అప్పుడే మూగనోము పాప చెయ్యి కడుక్కునే బల్ల దగ్గర్నుంచి కదిలింది. చిన్న గిన్నెలో నీళ్ళు వంపుకుంది. రెండు చేతులా పట్టుకుని, గిన్నెలోకే చూసుకుంటూ, పూసల మధ్య నుంచి, చాపల అంచుల పక్కనుంచి, ఒక్క చుక్క ఒలక్కుండా గదంతా దాటి వచ్చింది. అంత నడక విజిల్ గారు ఏ డ్రైవరు దగ్గరా చూడలేదు. గిన్నె కింద పెట్టింది. వెనక్కి వెళ్ళి సబ్బు తెచ్చింది. మళ్ళీ వెళ్ళి తుండుగుడ్డ తెచ్చింది. ఆయన ముందు కూర్చుని, వేలి మొదట్లో సబ్బునురగ రాయసాగింది. ఆయన ఆగలేక ఒక్క గుంజు గుంజారు.

"లాగకు," అంది పాప. "మెల్లగా తిప్పు."

గొంతు చిన్నదే. కానీ గదిలో పిల్లలందరూ తుడవడం ఆపి అటు చూశారు. విజిల్ గారికి నొప్పి సంగతే గుర్తులేదు. చెప్పినట్టే మెల్లగా తిప్పారు. పాప ఇంకొంచెం నురగ రాసింది. "ఇంకొంచెం తిప్పు," అంది. వేలు జారి వచ్చేసింది.

అప్పుడు తలెత్తి చూస్తే గుమ్మంలో ఇంజినీరు నిలబడి ఉన్నాడు. ఆయనకి అడ్డంగా చెయ్యి చాచి ఇల్లాలు నిలబడి ఉంది, వాచిన బుగ్గతో. లోపలికి రాబోతున్న తండ్రిని ఆవిడే ఆపిందని తెలుస్తూనే ఉంది.

పాప వాళ్ళని చూడలేదు. దిమ్మ తుడిచింది, కట్టెలన్నీ ఒక్కొక్కటే పెట్టి చూసి వాటి గుంతల్లో దించింది, అరలో పెట్టింది. తర్వాత నేలమీది నీళ్ళు చూసి, విజిల్ గారికో గుడ్డ అందించింది. డిపో మొత్తాన్ని నిలబెట్టే మనిషి కిమ్మనకుండా మోకాళ్ళ మీద కూర్చుని తుడిచారు.

"వచ్చి ఎంతసేపైంది?" అని భార్యనడిగారు, గుడ్డ పిండుతూ.

ఆవిడకి మందుతో సగం నోరు మొద్దుబారి ఉంది. "సబ్బు... దగ్గల్నుంచి," అంది.

"మరి లోపలికి రావచ్చుగా? నా వేలు పోతే?"

"పోదు," అంది. "పాప... చూతుకుంటోందిగా."

 ఇంజినీరు గుమ్మంలోనే చతికిలబడి, కూతురు ఖాళీ గిన్నె పట్టుకుని బల్ల దగ్గరకి నడిచి వెళ్ళడం చూశాడు. కాసేపటికి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తేలుస్తానన్న మాట ఎత్తకుండానే లేచి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం విజిల్ గారు అరల కింద చెయ్యి దూర్చి పూసలు ఏరారు. ఎవరూ అడగలేదు. ఏరుతూ ఏరుతూ, రోజూ ఆవిడ ఇంతమందిని ఒక్క కేక వెయ్యకుండా ఎలా నడుపుతుందో ఆలోచిస్తే ఆయనకి తల తిరిగింది. ఆ మాట పైకి అనేద్దామని రెండు మూడుసార్లు నోరు తెరిచి, దగ్గి ఊరుకున్నారు.

మర్నాడు పొద్దున ఇంజినీరు పాపని దింపడానికి తానే వచ్చాడు. పాప చెప్పులు విడిచి, జత చేసి పెట్టుకుని లోపలికి వెళ్ళింది. విజిల్ గారు డిపోకి బయలుదేరుతూ తలుపు వెనక చొక్కా వెతుక్కుంటున్నారు.

"రాత్రంతా మా అమ్మాయి మీ బడి కబుర్లేనండీ," అన్నాడు ఇంజినీరు ఇల్లాలితో. "కొత్తబ్బాయెవరో చేరాడట కదా. చాలా పెద్దవాడట, మీసాలు కూడా ఉన్నాయట. పాపం ఏమీ రాదట గానీ, చెప్తే వింటాడట."

ఇల్లాలు తలుపు వైపు ఓసారి చూసింది. బుగ్గ వాపు ఇంకా తగ్గలేదు గాని, మాట స్పష్టంగానే వచ్చింది.

"అవునండీ. వాళ్ళవాళ్ళు కాస్త ఆలస్యంగా పంపించారు. అయినా ఫర్వాలేదు, మంచి పిల్లాడు."