సూపర్నెంటమ్మ ఫోను పోయిన రోజు

ఆ రోజుకి సూపర్నెంటమ్మ వేసుకున్న పథకంలో రెండే పనులున్నాయి. తొమ్మిదిన్నరకల్లా ఆఫీసులో ఉండాలి. మధ్యాహ్నం రెండుకీ నాలుగుకీ మధ్య తన ఫోనుకి వచ్చే ఆరంకెల ఓటీపీని కూతురికి చెప్పాలి. కూతురు ఆ పూట రెండు గంటల ప్రయాణం చేసి కాలేజీకి వెళుతోంది. ఆ ఆరంకెలు నాలుగు లోపు అక్కడి కంప్యూటర్లో కొడితే సీటు ఖాయం. నాలుగు దాటితే వరసలో వెనకనున్న పిల్లకి పోతుంది. రెండేళ్ళు ఆటపాటలు మానుకుని చదివిన చదువంతా ఆ ఆరంకెల మీదే ఆధారపడి ఉంది.

"దరఖాస్తులో నా నంబరే ఎందుకు రాయమన్నానో తెలుసా?" అంది సూపర్నెంటమ్మ, టిఫిన్ ప్లేటు కూతురి ముందు ఠక్కున పెడుతూ. "ఈ ఇంట్లో భద్రంగా ఉన్న ఫోను నాదొక్కటే. మీ నాన్నది ఊరుమ్మడి ఫోను. నీది ఎప్పుడు చూసినా ఎవరో ఒకరి చేతిలో ఉంటుంది."

"అవునమ్మా," అంది కూతురు ప్లేటులోకి చూస్తూ.

"బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఫోను మాట్లాడకు. లాక్కుపోతారు. తాళం అంకెలుగా పుట్టినరోజు పెట్టుకోకు. వింటున్నావా, లేక గోడకి చెబుతున్నానా?"

"గోడ కూడా వింటోంది, పక్కింటివాళ్ళూ వింటున్నారు," అన్నాడు మొగుడు. ఆయన స్కూల్లో డ్రాయింగు మాస్టారు. సూపర్నెంటమ్మ ఒక్క చూపు చూసింది. ఆయన మంచినీళ్ళ గ్లాసు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

సూపర్నెంటమ్మ అంటే బస్ స్టేషన్లో పోయిన వస్తువుల విభాగానికి సూపరింటెండెంట్. అంత పొడుగు మాట పలికేలోపు ఆవిడ రెండు తిట్లు తిట్టగలదు కాబట్టి అందరూ సూపర్నెంటమ్మ అనే అంటారు. ఆవిడకి కోపం ముక్కు మీద ఉంటుంది. ఏడాది క్రితం ఒక తీపిమాటల మనిషి వచ్చి, కవరు రంగు చెప్పి, ఎవరిదో ఫోను తనదని పట్టుకుపోయాడు. పైనుంచి ఆవిడకి సంజాయిషీ నోటీసు వచ్చింది. ఆ ఫోను ఇచ్చిన గుమాస్తాని ఆవిడ తిట్టిన తిట్లు ప్లాట్‌ఫారాల మీద ప్రయాణికులు కూడా నిలబడి విన్నారు. ఆ మధ్యాహ్నమే రూలు రాసింది. ఫోను తనదన్నవాళ్ళు ఎదురుగా దాని తాళం తీసి చూపించాలి, వాళ్ళు చెప్పిన నంబరుకి చేస్తే అది మోగాలి. ఇవి కుదరకపోతే కొన్న బిల్లు తేవాలి, బిల్లు మీద ఎవరి పేరుంటే ఆ మనిషే రావాలి. ఏడ్చినా, కాళ్ళావేళ్ళా పడ్డా, ఎంతటివాళ్ళయినా ఇంతే. కింద గీత గీసి మరీ రాసింది. ఆ కాగితాన్ని గుమాస్తా కౌంటరు అద్దానికి అంటించాడు. అప్పటినుంచీ నిద్రలో లేపినా అప్పజెప్పగలడు.

ఇక ఆవిడ సొంత ఫోను సంగతి చెప్పనక్కర్లేదు. దాన్ని నలుగురిలో బయటికి తియ్యదు. పదకొండేళ్ళుగా కలిసి పనిచేస్తున్న గుమాస్తా కూడా దాని మొహం చూడలేదు. మెసేజి వచ్చినట్టు పక్కవాడికి తెలియకూడదని శబ్దం కూడా ఆపేసి ఉంచుతుంది. హ్యాండుబ్యాగు లోపలి గుడ్డకి ఒక చోరజేబు తన చేత్తోనే కుట్టుకుంది. దొంగవాడు బ్యాగు కోసినా ఆ జేబు దొరకదని ఆవిడ ధీమా.

ఆ ఉదయం బస్సు దిగి, ప్లాట్‌ఫారం దాటి, మేడ మీది తన గదిలోకి వెళ్ళి బ్యాగులో చెయ్యి పెడితే ఫోను లేదు.

చోరజేబు ఉంది. కుట్టు విడిపోయి నోరు తెరుచుకుని ఉంది. అయినా కోపంలో ఉన్న మనిషి కుట్టు గురించి ఆలోచించదు. ఆవిడకి బస్సులో పక్క సీటులో కూర్చున్న నీలం చొక్కా మనిషి గుర్తొచ్చాడు. దిగేటప్పుడు "జాగ్రత్తమ్మా, మెట్టు ఎత్తుగా ఉంది," అన్నాడు. ముక్కూమొహం తెలియని ఆడదానికి మెట్టు గురించి చెప్పేవాడు దొంగ కాక ఇంకెవడు?

ఆఫీసు ఫోను నుంచి తన నంబరుకి చేసింది. మోగింది. ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేసింది.

"ఎత్తడం లేదు! ఎంత పొగరు!"

అప్పుడే గుమాస్తా తలుపు సందులోంచి తల పెట్టాడు. "మేడమ్, ఇప్పుడే ఒక ఫోను వచ్చిందండీ, బస్సులో దొరికిందని ఒకాయన..."

"నా ప్రాణం తియ్యకు! ఫోనొచ్చినా ఏనుగొచ్చినా రూలు ప్రకారం రిజిస్టర్లో ఎక్కించి బీరువాలో పడెయ్! సాయంత్రం దాకా ఎవడైనా ఈ తలుపు తోస్తే చంపేస్తాను!"

తల మాయమైంది. గుమాస్తా రూలు ప్రకారం ఎక్కించాడు, బీరువాలో పెట్టాడు, తాళం వేశాడు, తెచ్చినాయనకి రసీదు ఇచ్చాడు.

ఈలోగా మేడ మీద సూపర్నెంటమ్మ కంప్యూటరు ముందు కూర్చుంది. ఫోను పోతే ఏం చెయ్యాలో ఆవిడకి కంఠతా వచ్చు. ఎక్కడుందో చూడాలి, దూరం నుంచే తాళం వెయ్యాలి, దొరికినవాళ్ళ కోసం తెర మీద ఒక నంబరు పెట్టాలి, అన్నీ చెరిపెయ్యడం మాత్రం ఇక దొరకదనుకున్నాకే చెయ్యాలి. ఇరుగుపొరుగుకి ఎన్నోసార్లు నేర్పింది. తాళం వేసింది. తెర మీద కనపడే మాట రాసేచోట నంబరు రాయాల్సింది పోయి, "ఒరేయ్ అప్రాచ్యుడా, నీ చేతులు విరిగిపోను, నీ ఇంట్లో ఫోనులన్నీ నీళ్ళలో పడిపోను" అని మొదలుపెట్టి పట్టినంత మేరా నింపింది. తరవాత పటం తెరిచింది. చుక్క బస్ స్టేషన్లోనే కదలకుండా ఉంది. సరిగ్గా ఈ భవనంలోనే.

"ఇక్కడే నిలబడి నన్ను చూసి నవ్వుతున్నాడన్నమాట!"

అగ్గిమీద గుగ్గిలమైపోయి 'అన్నీ చెరిపెయ్యి' నొక్కేసింది. చుక్క కూడా పోయింది. ఆ ఊపులోనే కంపెనీకి చేసి సిమ్ము ఆపించేసింది. ఓటీపీ గుర్తొచ్చింది ఆ తరవాత.

కూతురికి చెబుదామంటే నంబరు తెలీదు. మొగుడిదీ తెలీదు. అన్నీ ఫోనులోనే భద్రంగా ఉండేవి. లేచి బస్ స్టేషను పక్కనే ఉన్న సిమ్ముల దుకాణానికి పరిగెత్తింది. "కొత్త సిమ్ము ఇస్తానండీ, మెసేజులు మాత్రం రేపు ఈ పాటికి వస్తాయి," అంది కౌంటరులో అమ్మాయి.

"రేపు వస్తే నీ పెళ్ళికి పనికొస్తాయా!"

"మోసాలు జరక్కుండా పెట్టిన రూలండీ," అంది ఆ అమ్మాయి. రూలన్న మాట అంత అసహ్యంగా వినపడటం సూపర్నెంటమ్మకి అదే మొదటిసారి. పాత సిమ్ము దొరికితే నిమిషంలో తెరిపించుకోవచ్చట. అంటే దొంగ దొరకాలి.

దొరికాడు. మూడో ప్లాట్‌ఫారం బెంచీ మీద పేపరు చదువుకుంటున్నాడు నీలం చొక్కా. వెనక ఇద్దరు సెక్యూరిటీవాళ్ళతో వెళ్ళి ఆవిడ అతని కాలరు పట్టుకుంది.

"ఎక్కడ పెట్టావు?"

"ఏది? వదలండి ముందు!"

"మెట్టు జాగ్రత్తమ్మా అంటావా! ఫోను ఎక్కడరా?"

జనం మూగారు. అతను ఎక్కాల్సిన బస్సు అతని కళ్ళముందే వెళ్ళిపోయింది. అతను దాన్ని చూశాడు, ఆవిడని చూశాడు, తరవాత జేబులోంచి ఒక కాగితం తీసి ఆవిడ మొహం ముందు ఆడించాడు.

"సీటు కింద ఫోను కనపడితే, పాపం ఎవరిదోనని, వెనక్కి నడిచొచ్చి ఆఫీసులో ఇచ్చాను. ఇదిగో రసీదు. ఇంకోసారి నన్ను 'రా' అంటే బాగుండదు!"

రసీదు మీద ఆవిడ విభాగం ముద్రే ఉంది. కింద గుమాస్తా ముత్యాల్లాంటి అక్షరాలు. 'ఎర్ర కవరు, కుడి మూల పగులు.' అచ్చం తన ఫోనే.

సూపర్నెంటమ్మ కిందికి చూసి, కాలరు వదిలి, ఒక్క పరుగున కౌంటరు దగ్గరికి వెళ్ళింది. నీలం చొక్కా కూడా వదల్లేదు, వెనకే వచ్చాడు.

"బీరువా తియ్యి! అది నా ఫోను!"

గుమాస్తా లేచి నిలబడ్డాడు. బీరువా తీశాడు, ఫోను బల్ల మీద పెట్టాడు, దాని మీద చెయ్యి పెట్టుకున్నాడు. "తాళం తీసి చూపించండి మేడమ్."

తియ్యడానికి అందులో ఏముంది? అప్పుడే పుట్టిన ఫోనులా తెల్లగా నవ్వుతోంది. ఖాతాలోకి వెళదామంటే మీ నంబరుకి అంకెలు పంపామంది.

"నంబరు చెప్పండి, చేస్తాను," అన్నాడు గుమాస్తా. చేశాడు. మోగలేదు. రిజిస్టర్లో రాసుకున్నాడు.

"ఏమయ్యా, నేనెవరో తెలీదా నీకు?"

"తెలుసండి. ఇందాక బీరువాలో పెట్టేటప్పుడు తెర మీద ఏవో తిట్లు కూడా వచ్చాయి. చదివితే మీరే గుర్తొచ్చారు. కానీ తిట్లు చూసి ఇవ్వొచ్చని రూల్లో లేదు కదండీ."

అది భయమో మరొకటో ఆ మొహం చూసి చెప్పడం కష్టం. ఆవిడ బల్ల మీద గుద్దింది. "నా కూతురి సీటు పోతుందయ్యా! ఇవ్వు!"

గుమాస్తా చెయ్యి కాస్త కదిలింది. అప్పుడు నీలం చొక్కా ముందుకొచ్చాడు. "చూడండి బాబూ. ఆ ఫోను మీకు అప్పగించింది నేను. అద్దం మీద కాగితం నేనూ చదివాను. దాని ప్రకారం కాకుండా ఈవిడకి ఇచ్చారో, మీ ఇద్దరి మీదా రాసి పైకి పంపిస్తాను."

గుమాస్తా చెయ్యి మళ్ళీ ఫోను మీద బిగిసింది.

ఆవిడ ఆటోలో ఇంటికి వెళ్ళింది. బీరువాలు తలకిందులు చేసింది. ఫోను పెట్టె అటక మీద దొరికింది, నిండా డ్రాయింగు మాస్టారి ఎండిపోయిన రంగుల సీసాలు. అడుగున బిల్లు. తిరిగి వచ్చేసరికి రెండూ నలభై. గుమాస్తా కళ్ళజోడు పెట్టుకుని, పెట్టె మీది పదిహేను అంకెలూ ఫోను వెనకున్న అంకెలూ వేలు పెట్టి చూశాడు.

"సరిపోయాయండి."

"ఇంకేం, ఇవ్వు!"

"బిల్లు సార్ పేరు మీద ఉందండి."

సూపర్నెంటమ్మకి కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఆ నీళ్ళ మీద కూడా కోపమే వచ్చింది. తను రాసిన రూలు, తనే గీసిన గీత, తిట్టితిట్టి తనే తయారుచేసిన మనిషి. ఎవర్ని తిట్టాలో తెలియక ఆటోవాణ్ణి తిడుతూ స్కూలుకి వెళ్ళింది.

డ్రాయింగు మాస్టారు నల్లబల్ల మీద ఏనుగు బొమ్మ వేస్తున్నాడు. ఆవిడని చూడగానే సుద్దముక్క కింద పెట్టి, "వచ్చావా! నీకోసమే చేస్తున్నాను, నీ ఫోనేమో..." అన్నాడు.

"నోరుమూసుకుని నడవండి! కార్డుందా?"

"ఉంది. అది కాదే, అమ్మాయి..."

"అమ్మాయి కోసమే చస్తున్నాను! ఎక్కండి!"

ఆటోలో రెండుసార్లు నోరు తెరిచాడు. రెండుసార్లూ ఆవిడ చెయ్యెత్తింది. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆ చెయ్యికి ఆయన ఎన్నడూ ఎదురు చెప్పలేదు. పక్కకి తిరిగి వీధిని చూస్తూ కూర్చున్నాడు.

మూడూ నలభై రెండుకి ఆయన కార్డు చూపించాడు, సంతకం చేశాడు. గుమాస్తా ఫోనుని రెండు చేతులతో ఆయనకి అందించి, "మీ వస్తువు సరిగ్గా ఉందో లేదో చూసుకోండి సార్," అన్నాడు. నీలం చొక్కా తల పంకించాడు. సూపర్నెంటమ్మ కవరు పీకి, గుండుసూదితో సిమ్ము బయటికి లాగింది. తొందరలో అది రెండుసార్లు కింద పడింది.

"మీ ఫోను ఇలా ఇవ్వండి! ఇందులో వేసి కంపెనీవాళ్ళకి చెయ్యాలి!"

లాక్కుంది. తాళం లేని ఫోను, ముట్టుకోగానే తెరుచుకుంది. తెర మీద కాలేజీ నుంచి వచ్చిన మెసేజి ఉంది. రెండు గంటల నాలుగు నిమిషాలకి ఓటీపీ. ఇంకో రెండు నిమిషాలకి ఇంకొకటి, సీటు ఖాయమైందని, అభినందనలని.

"ఏమిటిది?"

"అదే చెబుదామని ఇందాకట్నుంచీ..." అన్నాడు మాస్టారు.

ఆవిడ ఆ ఫోనుతోనే కూతురికి చేసింది.

"నాన్నా! అమ్మ దొరికిందా?"

"నేనే. నా నంబరు రాయమన్నాను కదే?"

"మొన్న మార్చేశానమ్మా. నాన్నది పెట్టాను."

"ఎందుకు?"

"నీ ఫోనులోది ఏదైనా అడిగితే ముందు పావుగంట తిడతావు కదమ్మా. ఫోను ఎలా పట్టుకోవాలి, ఎవరి ముందు మాట్లాడకూడదు, అన్నీ చెప్పాక గానీ అంకెలు చెప్పవు. ఇవాళ కూడా అలాగే చేస్తే టైమైపోతుందని భయమేసింది. నీకు చెబుదామంటే అదీ భయమేసింది."

సూపర్నెంటమ్మకి కోపం రావాలి. దానికోసం వెతుక్కుంది కూడా. ఎక్కడా దొరకలేదు. సీటు వచ్చిందన్న సంతోషం ఒక పక్క, కన్నకూతురు ఓటీపీని తన దగ్గరనుంచి దాచుకుందన్న బాధ ఒక పక్క, రెండూ ఒకేసారి వచ్చిపడ్డాయి. దొంగల దగ్గరనుంచి కాపాడటానికి పడ్డ పాట్లన్నీ చివరికి పిల్లని భయపెట్టడానికే పనికొచ్చాయని ఆవిడకి అప్పుడు అర్థమైంది.

"మంచి పని చేశావే," అంది. "బస్సులో జాగ్రత్తగా రా." ఇంకా ఏదో అనబోయి ఆపేసింది. ఫోను మొగుడి జేబులో పెట్టి నీలం చొక్కా వైపు తిరిగింది. "తప్పు నాదేనండీ. క్షమించండి."

"క్షమిస్తాను," అన్నాడతను. "ఫిర్యాదుల పుస్తకం ఇప్పించండి."

పదకొండేళ్ళలో ఆ పుస్తకం అడిగే ధైర్యం ఎవరూ చెయ్యలేదు. సూపర్నెంటమ్మ స్వయంగా మేడ మీదికి వెళ్ళి, దుమ్ము దులిపి, తెచ్చి ఇచ్చింది. అతను నిలబడే పేజీన్నర రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి తరవాతి బస్సుకి వెళ్ళిపోయాడు.

గుమాస్తా ఆ పుస్తకాన్ని మూయలేదు, కొత్త పేజీ తిప్పి తన పెన్ను కోసం వెతుక్కున్నాడు.