సిమెంటు సొరచేప

ఆ రోజు ఉదయం పెద్దల్లుడు గడ్డం గీసుకుంటూ అద్దంతో మాట్లాడాడు. "మేడం గారూ, మా రేవుకి కావలసింది ఒక్కటే. ఐస్ ఫ్యాక్టరీ!" అద్దం కాదనలేదు. ఈసారి చెయ్యి పైకెత్తి మరీ అన్నాడు. సబ్బు నురగ వెళ్ళి గోడ మీద పడింది.

పెద్దల్లుడేమిటి, అదేం పేరు అనకండి. అత్తగారికి ఇద్దరు ఆడపిల్లలు. పెద్దమ్మాయిని చేసుకున్నవాడు పెద్దల్లుడు, చిన్నమ్మాయిని చేసుకున్నవాడు చిన్నల్లుడు. అత్తగారి పిలుపు రేవంతా పాకిపోయి, అసలు పేర్లు అందరూ మరిచిపోయారు. ఇద్దరికీ పక్కపక్క ఇళ్ళు, చెరో పడవ. చిన్నల్లుడి పడవకి రంగు కొత్తది, ఇంజను కొత్తది, ఆఖరికి లంగరు తాడు కూడా కొత్తదే. ఆ తాడు చూసినప్పుడల్లా పెద్దల్లుడికి కడుపులో మంట. ఈ మంట సంగతి రేవులో అందరికీ తెలుసు. చిన్నల్లుడికి మరీ బాగా తెలుసు.

ఐస్ సంగతి మాత్రం అసూయ కాదు, నిజమైన అవసరం. పట్నం నుంచి వ్యాను వచ్చేసరికి అందులో ఐస్ సగం నీళ్ళయి కారిపోతుంది. ఎండెక్కాక చేప మెత్తబడుతుంది. షావుకారు వచ్చి చేప పొట్ట మీద వేలితో నొక్కి, పెదవి విరిచి, సగం ధర చెబుతాడు. ఆ నొక్కుడు తన పొట్ట మీదే పడినట్టుండేది పెద్దల్లుడికి. వచ్చే సీజను కూడా ఇలాగే గడిస్తే పడవ అమ్ముకోవడం తప్ప దారి లేదు. సరిగ్గా ఆ సమయంలో రేవు అభివృద్ధి ప్రణాళిక తయారు చేయడానికి ప్లానింగ్ మేడం వచ్చింది. ఊరు ఏది కోరితే అది కట్టిస్తామంది. ఈరోజే సమావేశం.

ఇస్త్రీ చొక్కా కోసం పెట్టెలన్నీ వెతికి, భార్యతో కలిసి అతను వలల షెడ్డు చేరేసరికి సమావేశం మొదలైపోయింది. ముందు వరసలో చిన్నల్లుడు లేచి నిలబడి, చెయ్యి పైకెత్తి, "మేడం గారూ, మా రేవుకి కావలసింది ఒక్కటే. ఐస్ ఫ్యాక్టరీ!" అంటున్నాడు. మేడం దాన్ని బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసింది. జనం తలలూపారు.

"నా మాటలు వాడి నోట్లోకి ఎలా వెళ్ళాయే?" అన్నాడు పెద్దల్లుడు పళ్ళు నూరుతూ.

"నిన్నంతా మీరు అద్దం ముందు అంటుంటే విని, రాత్రి మా చెల్లికి చెప్పాను. సొంత చెల్లికి కూడా చెప్పుకోకూడదా?" అంది భార్య.

"ఇంకెవరైనా ఏమైనా అడుగుతారా?" అంది మేడం.

పెద్దల్లుడు దిగ్గున లేచాడు. లేచాడే గాని, చెప్పడానికేముంది? ఉన్న ఒక్క మాటా దొంగతనమైపోయింది. "నేనూ అదే అడుగుతున్నా" అనడం కంటే చావు నయం. దిక్కులు చూశాడు. ఎదురుగా గోడ మీద ఇంజనాయిలు కంపెనీ వాళ్ళ క్యాలెండరు, అందులో నోరు తెరిచిన సొరచేప.

"సొరచేప!" అన్నాడు.

"అంటే?"

"అంటే... సిమెంటుదండి. ఓడంత పెద్దది. తోక దగ్గర ఎక్కి, కడుపులోంచి నడిచి వెళ్ళి, నోట్లో నిలబడి సముద్రం చూడొచ్చు."

చిన్నల్లుడు పకపకా నవ్వాడు. "పొద్దున్నుంచి రాత్రిదాకా చేపల మధ్యే చస్తున్నాం కదన్నయ్యా. ఇంకా డబ్బిచ్చి దాని కడుపులో ఎవడు దూరతాడు?"

అతను నవ్వకపోయి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. పెద్దల్లుడు నోరు జారానని కూర్చునేవాడే. ఆ నవ్వు చెవిన పడేసరికి ఒళ్ళు మండిపోయింది.

"నువ్వు దూరవు తమ్ముడూ, పట్నంవాళ్ళు దూరతారు! కార్లేసుకుని వస్తారు. పళ్ళ మధ్య నిలబడి ఫొటోలు దిగుతారు. ఆకలేసి తింటారు, టీలు తాగుతారు. రేవు కళకళలాడిపోతుంది!"

మేడం మొహం వెలిగిపోయింది. "పర్యాటకం! మా ప్రణాళికలో ఆ పేజీ ఒక్కటే ఖాళీగా ఉందండీ!" అని ఐస్ ఫ్యాక్టరీ కింద సొరచేప అని రాసేసింది. వచ్చే వారం ఓటింగ్ అని ప్రకటించింది. మనిషికో గవ్వ ఇస్తారు, తెర వెనక్కి వెళ్ళి నచ్చిన బొమ్మ ఉన్న బకెట్లో వేసి రావాలి.

ఇక చూడండి, ఆ వారమంతా రేవులో వేరే మాట లేదు. టీ కొట్టతను చేప తోక తన కొట్టు వైపుండాలన్నాడు. మంగలి మాత్రం నోట్లో నిలబడ్డవాళ్ళ జుట్టు గాలికి చెదురుతుంది కనుక తల తన షాపు వైపుండాలని పట్టుబట్టాడు. ఇద్దరూ చొక్కాలు పట్టుకునేదాకా వెళ్ళారు. ఆ నోట్లోకి తాము ఎక్కాలంటే రెయిలింగు పెట్టాల్సిందేనని ఆడవాళ్ళు తేల్చేశారు. పెద్దల్లుడు కనిపిస్తే చాలు, "ఏం బుర్రయ్యా నీది!" అని భుజం తట్టేవాళ్ళే. ఏనాడూ ఊరికే టీ పోయని టీ కొట్టతను పిలిచి మరీ పోశాడు. చిన్నల్లుడి మొహం రోజురోజుకీ వాడిపోతోంది. అది చూస్తూ తాగితే ఆ టీలో చక్కెర కూడా అక్కర్లేకపోయింది.

ఓటింగ్‌కి ముందురోజు పెద్దల్లుడి వలలో ఎన్నడూ పడనంత చేప పడింది. అదే రోజు ఐస్ వ్యాను దారిలో చెడిపోయింది. మధ్యాహ్నానికి షావుకారు వచ్చి పొట్ట నొక్కాడు. వేలు లోపలికి దిగిపోయింది. పావు ధర చెప్పాడు. పెద్దల్లుడు బుట్టలు అప్పగించి, ఇసుకలో కూలబడ్డాడు.

"మేడం దగ్గరికెళ్ళి, సొరచేప వద్దు, ఐసే కావాలని చెప్పెయ్యండి," అంది భార్య.

"చెబితే వాడి మాట నెగ్గినట్టు కాదూ?"

"మొదట అది మీ మాటే కదండీ!"

"ఆ సంగతి నీకూ నాకూ తెలుసు. ఊరికి తెలుసా?"

ఆలోచించగా ఆలోచించగా అతనికో ఉపాయం తట్టింది. తెర వెనక ఎవరు ఎందులో వేశారో ఎవడు చూడొచ్చాడు? చిన్నల్లుడూ అతని వెనకున్నవాళ్ళూ ఎలాగూ ఐస్‌కే వేస్తారు. తనూ గుట్టుగా ఐస్‌కే వేస్తే సరి. ఐస్ వస్తుంది, పరువూ దక్కుతుంది. తన తెలివికి తనే మురిసిపోయాడు.

మర్నాడు తెర వెనక్కి వెళ్ళాడు. సొరచేప బకెట్ వైపు చూడకుండా, ఐస్ బకెట్లో గవ్వ వేసి, మీసం దువ్వుకుంటూ బయటికొచ్చాడు. గుమ్మం దగ్గర చిన్నల్లుడు చెవిలో నోరు పెట్టాడు.

"అన్నయ్యా, నీ సొరచేపకే వేశాను. మావాళ్ళందరి చేతా వేయించాను. చేప కట్టాలంటే రోడ్డు పక్క ఖాళీ జాగా కావాలిగా, ఉన్నది నాదొక్కటే. నెలనెలా అద్దె! నీ మేలు జన్మలో మర్చిపోను."

పెద్దల్లుడు మీసం దువ్వడం ఆపేసి, తెర వైపు తిరిగి చూశాడు.

మేడం బకెట్లు బోర్లించింది. సొరచేప గవ్వలు బల్ల నిండి కిందికి దొర్లాయి. ఐస్ బకెట్లోంచి ఒక్కటంటే ఒక్క గవ్వ పడింది. షెడ్డంతా గొల్లుమంది. పెద్దల్లుడు కూడా నవ్వాడు, నవ్వక చస్తాడా?

"నవ్వకండి," అంది మేడం. "ఇందరు ఒకవైపుంటే ఒక్కరే ఎదురు నిలబడటం సామాన్యమా? నా దగ్గర నమూనాకి తెచ్చిన చిన్న ఐస్ యంత్రం ఒకటుంది. ఒక పడవ చేపకి సరిపోతుంది. దాన్ని ఆ ఒక్కరికే ఇద్దామనుకుంటున్నాను. ఎవరండీ వారు? దయచేసి లేవండి."

పెద్దల్లుడు గబగబా లెక్క వేసుకున్నాడు. లేస్తే, తన సొరచేపని తనే నమ్మలేదని ఊరంతటికీ తెలిసిపోతుంది. చిన్నల్లుడు బతికినంతకాలం నవ్వుతాడు. లేవకపోతే పడవ పోతుంది. నవ్వితే నవ్వనీ, పడవ పడవే అనుకున్నాడు. కుర్చీ చేతుల మీద బలం వేసి సగం లేచాడు.

అప్పటికే ముందు వరసలో చిన్నల్లుడు తల వంచుకుని నిలబడి ఉన్నాడు.

"నేనే మేడం," అన్నాడు, గొంతు గద్గదమై. "ఊరంతా కాదన్నా, నా మాటని నేను కాదనుకోలేకపోయాను."

మేడం కళ్ళు చెమర్చాయి. అతని వాళ్ళు ఎలాగూ బయటపెట్టరు, మిగతా జనం నమ్మేశారు. ఎందుకు నమ్మరు? ఐస్ కావాలని అడిగింది అతనే మరి. ఇప్పుడు పెద్దల్లుడు లేచి ఆ గవ్వ నాది అంటే, సొరచేపని కన్నతండ్రి మాట ఎవరు నమ్ముతారు? అద్దె వాడిదే, యంత్రమూ వాడిదే! కూర్చోనూ లేడు, నిలబడనూ లేడు, మధ్యలో వంగి అలాగే ఉండిపోయాడు.

"మీరేమైనా చెప్పాలా పెద్దల్లుడు గారూ?" అంది మేడం. అందరూ తిరిగి అతని వైపే చూశారు.

"ఏం లేదండి," అన్నాడు పెద్దల్లుడు. "తమ్ముడిని అభినందిద్దామని లేచాను."

ఆ ఒక్క గవ్వ నిజంగా ఎవరిదో షెడ్డులో తెలిసినవాడు అతనొక్కడే. చప్పట్లు మొదలుపెట్టిందీ అతనే.